కార్బైడ్ మొన గట్టిదే, కానీ పెళుసు: గోడకు తగ్గ డ్రిల్ బిట్ ఎంపిక, వాడకం

క్లుప్తంగా: గోడలకు వాడే డ్రిల్ బిట్ కోయదు, దెబ్బ కొట్టి పిండి చేస్తుంది. దాని మొనలో ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ కంకర రాయికన్నా గట్టిది, ఉక్కుకన్నా పెళుసు. కాంక్రీటుకు రోటరీ హ్యామర్ కావాలి. ఎర్ర ఇటుకకు మామూలు ఇంపాక్ట్ డ్రిల్ సరిపోతుంది. ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలికగా ఉండే సిమెంటు బ్లాకు), టైలు, గ్రానైటు దగ్గర హ్యామర్ ఆపేయాలి. బిట్లను ఎక్కువగా చంపేవి మూడు: వేడి, లోపలి ఇనుప చువ్వ, బయటికి రాని పొడి.

కొత్త ఇంట్లో సామాను సర్దేటప్పుడు చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. హాల్లో ఫొటో ఫ్రేము కోసం అర నిమిషంలో రంధ్రం వేసిన బిట్టే, కిటికీ పైన కర్టెన్ రాడ్ దగ్గరకు వచ్చేసరికి సెంటీమీటరు దిగి మొరాయిస్తుంది. ఇంకా గట్టిగా నొక్కితే మొన వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది. ఆ తర్వాత అది ఇటుకలోకి కూడా సరిగ్గా దిగదు. నాసిరకం బిట్ అంటగట్టారని షాపు మీద కోపం వస్తుంది. చాలాసార్లు తప్పు బిట్‌ది కాదు. కిటికీ పైన ఉన్నది ఇటుక గోడ కాదు, లింటెల్. అంటే కంకర, సిమెంటు, ఇనుప చువ్వలతో పోసిన చిన్న దూలం. సాధారణంగా 6 అంగుళాల ఎత్తు ఉండి, కిటికీకి రెండు పక్కలా అరడుగు దాకా గోడలోకి పోయి కూర్చుంటుంది. కర్టెన్ బ్రాకెట్ బిగించే చోటు సరిగ్గా అదే. పైన ప్లాస్టరింగు, పెయింటు ఒకటే కావడంతో బయటి నుంచి తేడా కనిపించదు.

హైదరాబాద్ శివార్లలో కట్టే అపార్టుమెంట్లలో ఈ అయోమయం మరీ ఎక్కువ. స్తంభం, బీము కాంక్రీటు. గోడలు కొన్నిచోట్ల సిమెంటు సాలిడ్ బ్లాకులు, కొన్నిచోట్ల తేలికపాటి ఏఏసీ బ్లాకులు. బాత్రూములో విట్రిఫైడ్ టైలు, వంటింట్లో గ్రానైటు గట్టు. అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే మేస్త్రీలు ‘మైవాన్’ అనే పద్ధతిలో కట్టిన టవర్లలో గోడలన్నీ కాంక్రీటే. ఒక్క బిట్, ఒక్క మెషిన్‌తో వీటన్నిటినీ నెట్టుకురావాలనుకోవడం వల్లే బిట్లు పోతాయి, టైళ్లు పగులుతాయి, గిట్టీలు (మర పట్టడానికి రంధ్రంలో దూర్చే ప్లగ్గులు) వదులై ఊడొస్తాయి.

## మొనలో ఏముంది

గోడ బిట్ రెండు ముక్కల వస్తువు. మెలికలు తిరిగిన ఒళ్లంతా ఉక్కు. కొసన, అడ్డంగా కోసిన గాడిలో బూడిద రంగు పలక ఒకటి కూర్చుని ఉంటుంది. అదే కార్బైడ్. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్ పొడితో కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే ఈ పలక తయారవుతుంది. కార్బైడ్ గింజలు గట్టితనాన్నిస్తే, వాటి మధ్య జిగురులా ఉండే కోబాల్ట్ దెబ్బ తట్టుకునే గుణాన్నిస్తుంది. జర్మనీలో 1923లో పేటెంటు పొందిన ఈ పదార్థం 1926లో క్రుప్ కంపెనీ ద్వారా ‘విడియా’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం 10, టంగ్‌స్టన్ కార్బైడ్ దాదాపు 9, గ్రానైటులోనూ ఇసుకలోనూ ఉండే క్వార్ట్జ్ 7. హైదరాబాద్ చుట్టుపక్కల కాంక్రీటులో పడే కంకర ఎక్కువగా గ్రానైటు రాయిని పగలగొట్టి తీసినదే. ఇనుమును కోసే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ దాని మీద పనిచేయదు. ఉక్కు అంచు క్వార్ట్జ్ గింజకు తగిలి క్షణాల్లో గుండ్రబడిపోతుంది. కార్బైడ్ నిలబడుతుంది. అయితే కోబాల్ట్ తగ్గిస్తే పలక గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది. పెంచితే దెబ్బకు ఓర్చుకుంటుంది, త్వరగా అరుగుతుంది. దెబ్బలు తినే బిట్లకు ఈ రెంటి మధ్య రాజీ కుదిర్చిన మిశ్రమం వాడతారు. ఇనుమును లేత్ మీద చెక్కే కార్బైడ్, గోడ కొట్టే కార్బైడ్ పేరుకు ఒకటే, గుణంలో వేరు.

అసలు బలహీనత పలకలో కంటే దాని అతుకులో ఉంటుంది. పలకను ఉక్కు గాడిలో వెండి లేదా రాగి మిశ్రమంతో బ్రేజింగ్ చేసి అతికిస్తారు. వెండి మిశ్రమాలు ఇంచుమించు 600 నుంచి 700 డిగ్రీల మధ్య కరుగుతాయి, అంతకు ముందే మెత్తబడతాయి. మొద్దుబారిన బిట్‌ను కాంక్రీటులో గిరగిరా తిప్పుతూ నొక్కితే మొన దగ్గర ఆ వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. బిట్ బయటికి తీశాక పలక ఒక పక్కకు ఒరిగి ఉంటే, లేదా రంధ్రంలోనే ఉండిపోతే, కారణం ఇదే. మంచి రకం బిట్లలో పలకకు బదులు మొనంతా ఒకే కార్బైడ్ ముద్దగా చేసి ఉక్కు ఒంటికి వెల్డ్ చేస్తారు. ధర ఎక్కువ. కానీ అతుకు బలంగా ఉంటుంది.

## తిప్పడం వేరు, కొట్టడం వేరు

ఇనుములో, చెక్కలో బిట్ అంచు పదార్థాన్ని చీల్చుకుంటూ పోతుంది. కాంక్రీటులో చీల్చేందుకు సాగే గుణమున్న పదార్థం లేదు. అక్కడ జరిగేది ఇది: మొన ఒక దెబ్బ కొడుతుంది, కింద రాయి నలిగి సన్నటి పగుళ్లు వస్తాయి, బిట్ కాస్త తిరిగి పక్క చోట మరో దెబ్బ కొడుతుంది, మధ్యలో నలిగిన పొడిని మెలికల గాడి పైకి నెడుతుంది. అందుకే గోడ బిట్ మొన చేత్తో తాకితే మొద్దుగా ఉంటుంది. అది లోపం కాదు. కత్తిలా పదునుంటే మొదటి దెబ్బకే అంచు రాలిపోతుంది.

దెబ్బ కొట్టే మెషిన్లు రెండు రకాలు. షాపులో రెంటినీ ‘హ్యామర్ డ్రిల్’ అనే అంటారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది ఇంపాక్ట్ డ్రిల్. ఇందులో పళ్లున్న రెండు ఉక్కు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకలాడతాయి. దెబ్బల సంఖ్య చాలా ఎక్కువ, నిమిషానికి 40 వేలు దాటుతుంది. ఒక్కో దెబ్బ బలం మాత్రం చాలా తక్కువ, అదీ మనిషి ఎంత నొక్కితే అంత. బిట్ కూడా వేగంగా, 2800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరుగుతుంది. రెండోది రోటరీ హ్యామర్. ఇందులో పిస్టన్ ఒకటి గాలిని నొక్కుతుంది, ఆ గాలి లోపలి చిన్న సుత్తిని విసురుతుంది, అది బిట్ తోక మీద పడుతుంది. 2 నుంచి 3 కిలోల మెషిన్లలో ఒక్కో దెబ్బ శక్తి 2 నుంచి 3 జౌల్స్ ఉంటుంది. నిమిషానికి దెబ్బలు 4 వేల చిల్లర, తిరుగుడు 900 ఆర్‌పీఎం దగ్గర.

ఈ అంకెల నుంచి తేడా లెక్క కట్టవచ్చు. రోటరీ హ్యామర్‌లో బిట్ ఒక చుట్టు తిరిగేలోపు నాలుగైదు దెబ్బలే పడతాయి. అయితే ప్రతి దెబ్బా రాయిని నలిపేంత బలమైనది, 80 డిగ్రీలు పక్కకు జరిగి కొత్త చోట పడుతుంది. ఇంపాక్ట్ డ్రిల్‌లో చుట్టుకు 15, 16 దెబ్బలు పడినా ఏదీ కంకరను చీల్చేంత బలమున్నది కాదు. మిగతా పని రాపిడితో జరగాలి, రాపిడి అంటే వేడి. 12 మి.మీ. బిట్‌ను 2800 ఆర్‌పీఎంతో తిప్పితే దాని అంచు నిమిషానికి వంద మీటర్లకు పైగా రాయి మీద రాసుకుంటూ పోతుంది. 900 దగ్గర అది 34 మీటర్లే. ఒకే బిట్ ఒక మెషిన్‌లో వందల రంధ్రాలు వేసి, మరో మెషిన్‌లో పదో రంధ్రానికే నీలంగా మారడానికి కారణం ఈ లెక్కలో ఉంది.

నొక్కే పద్ధతి కూడా అందుకే మారాలి. ఇంపాక్ట్ డ్రిల్‌ను ఒంటి బరువుతో నొక్కకపోతే బిళ్లల పళ్లు సరిగ్గా పట్టవు. రోటరీ హ్యామర్‌ను అలా నొక్కితే పని వేగం పెరగదు, చేతులు నొప్పి పుడతాయి, బిట్ వంగుతుంది. బిట్ గోడను వదలకుండా ఆనించి పట్టుకుంటే చాలు.

## బిట్ తోక: గుండ్రం, ఎస్‌డీఎస్ ప్లస్, ఎస్‌డీఎస్ మ్యాక్స్

గుండ్రటి లేదా మూడు పలకల తోకలున్న బిట్లు తాళంతో బిగించే మామూలు చక్‌కు, అంటే మెషిన్‌లో బిట్‌ను పట్టుకునే భాగానికి. దెబ్బలకు చక్ వదులవుతుంది, బిట్ లోపల జారుతుంది. జారిన గుర్తులు తోక మీద గీతలుగా కనిపిస్తాయి. ఎస్‌డీఎస్ తోకను బాష్ కంపెనీ 1975లో తెచ్చింది. ఎస్‌డీఎస్ ప్లస్ తోక మందం 10 మి.మీ. దాని మీద నాలుగు గాళ్లుంటాయి. కొసదాకా తెరిచి ఉన్న రెండు గాళ్లు బిట్‌ను తిప్పడానికి, మధ్యలో మూసుకున్న రెండు అది జారిపడకుండా పట్టుకోవడానికి. బిగింపు లేకపోవడం దీని ప్రత్యేకత. బిట్ చక్‌లో ముందుకూ వెనక్కూ కదులుతూనే ఉంటుంది. కాబట్టి సుత్తి బలం మెషిన్ ఒంటికి పోకుండా నేరుగా బిట్‌కు అందుతుంది. చేత్తో లాగితే కాస్త ఆడుతోందని కంగారు పడనక్కర్లేదు. అలా ఆడాలి. తోక మీద కొద్దిగా గ్రీజు రాయడం మరవకూడదు. పొడిగా వాడితే తోక అరిగి, చక్‌లోని ఉక్కు గుండ్లు దెబ్బతింటాయి.

ఎస్‌డీఎస్ మ్యాక్స్ తోక 18 మి.మీ. ఇది పెద్ద మెషిన్లకు, పెద్ద రంధ్రాలకు. ఇంటి పనులకు అవసరం రాదు. చాలా ఇళ్లకు 5, 6, 8, 10 మి.మీ. ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు నాలుగు ఉంటే చాలు.

మొన మీద రెండు అంచులా, నాలుగు అంచులా అన్నది తర్వాతి ప్రశ్న. రెండు అంచుల బిట్ ఇటుకకు, మామూలు కాంక్రీటుకు సరిపోతుంది. ఇనుప చువ్వ తగిలే అవకాశమున్న చోట నాలుగు అంచులది వాడాలి. రెండు అంచుల మొన చువ్వ అంచుకు తగిలితే ఒక వైపు ఇరుక్కుని పలక విరుగుతుంది. నాలుగు అంచుల్లో ఆ కుదుపు పంచుకుంటుంది, రంధ్రం కూడా గుండ్రంగా వస్తుంది.

## గోడ ఏదో పొడి చెబుతుంది

ప్లాస్టరింగు దాటాక వచ్చే పొడిని చూస్తే లోపల ఏముందో చాలావరకు తెలుస్తుంది. ఎర్రగా వస్తే కాల్చిన ఇటుక. లేత బూడిద రంగులో సన్నగా, చాలా నెమ్మదిగా, గట్టి శబ్దంతో వస్తే కాంక్రీటు. బూడిద రంగే అయినా త్వరగా వస్తుంటే సిమెంటు బ్లాకో, ఫ్లైయాష్ ఇటుకో. తెల్లగా, ముగ్గులా, దాదాపు శబ్దం లేకుండా రాలితే ఏఏసీ. బిట్ ఒక్కసారిగా లోపలికి జారిపోతే బోలు బ్లాకు లేదా ఇటుకల మధ్య సందు. ఈ మొదటి రెండు సెంటీమీటర్ల సమాచారాన్ని బట్టి మిగతా పని పద్ధతి మార్చుకోవాలి.

ఎర్ర ఇటుకకు ఇంపాక్ట్ డ్రిల్ చాలు. సరిగ్గా కాలని మెత్తటి ఇటుకైతే హ్యామర్ ఆపి ఉత్త తిరుగుడుతోనే వేయాలి. లేకపోతే 8 మి.మీ. బిట్‌తో వేసిన రంధ్రం 9, 10 మి.మీ. అయి, గిట్టీ లోపల గిర్రున తిరుగుతుంది. రెండు ఇటుకల మధ్య మాలులో పడిన రంధ్రం కంటే ఇటుక నడుమ పడినది ఎక్కువ బరువు మోస్తుంది.

ఏఏసీ బ్లాకు ఘనపు మీటరుకు 600 కిలోల చుట్టూ తూగుతుంది. కాంక్రీటు 2400. లోపలంతా గాలి బుడగలే. ఇక్కడ హ్యామర్ వాడడం అంటే రంధ్రం చుట్టూ ఉన్న బుడగల గోడలను పగలగొట్టడమే, గిట్టీ పట్టుకోవడానికి ఏమీ మిగలదు. హ్యామర్ లేకుండా, నెమ్మదిగా, మామూలు హెచ్‌ఎస్‌ఎస్ బిట్‌తో వేసినా సరిపోతుంది. మామూలు గిట్టీలు ఇందులో నిలవవు; పొడవైన, రెక్కలు మెలితిరిగిన నైలాన్ ప్లగ్గులు దీనికోసం విడిగా దొరుకుతాయి. గీజరు, టీవీ లాంటి బరువులకైతే గోడ అవతలి వైపు వాషరు వేసి బిగించే బోల్టు లేదా కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురుతో నిలిపే బోల్టు) మేలు. ఏఏసీ గోడకు గీజరును 8 మి.మీ. ప్లాస్టిక్ గిట్టీల మీద వేలాడదీయడం ప్రమాదకరం. ఈ విషయంలో రాజీ పనికిరాదు.

బోలు సిమెంటు బ్లాకులో పైపొర రెండు మూడు సెంటీమీటర్లే. హ్యామర్ ఆ పొరను లోపలి నుంచి పెళ్ల ఊడగొడుతుంది. తిరుగుడుతోనే వేసి, లోపల ముడి పడే రకం ప్లగ్ వాడాలి.

కాంక్రీటుకు రోటరీ హ్యామర్. ఇక్కడ కంకరకంటే చువ్వే పెద్ద సమస్య. కాంక్రీటు కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో చువ్వకు పైన ఉండాల్సిన కాంక్రీటు పొర 20 మి.మీ., స్తంభాల్లో సాధారణంగా 40 మి.మీ. అంటే లింటెల్‌లోనో స్లాబులోనో ప్లాస్టరింగు దాటి రెండు, రెండున్నర సెంటీమీటర్లు దిగగానే ఇనుము తగలవచ్చు. తగిలితే వెంటనే తెలుస్తుంది: బిట్ ఆగిపోతుంది, శబ్దం సన్నబడి ఖణఖణలాడుతుంది, పొడిలో మెరిసే నలుసులు కనిపిస్తాయి. అప్పుడు ఆపడమే పని. లింటెల్‌లో నిలువు రింగులు సాధారణంగా 15 నుంచి 20 సెంటీమీటర్లకు ఒకటి ఉంటాయి, అడ్డ చువ్వలు పై, కింది అంచులకు దగ్గరగా ఉంటాయి. కాబట్టి లింటెల్ ఎత్తులో నడిమి భాగం ఎంచుకుని, మూడు సెంటీమీటర్లు పక్కకు జరిగితే చాలావరకు తప్పించుకోవచ్చు. బరువు మోసే యాంకర్లకు నియమం ఇంకా కఠినం: వదిలేసిన రంధ్రం లోతుకు రెండింతల దూరంలో కొత్తది వేయాలి, లేదా పాతదాన్ని గట్టి గ్రౌటుతో నింపాలి. స్తంభంలో, బీములో చువ్వను కోసుకుంటూ పోవడం బిట్‌కే కాదు, భవనానికీ నష్టం. పెద్ద వాణిజ్య భవనాల్లో, సెల్లార్లలో స్లాబులోపల బిగించిన స్టీలు కేబుళ్లు ఉండే పద్ధతి కూడా ఉంది. అక్కడ డ్రాయింగు చూడకుండా పైకప్పుకు బిట్ ఆనించకూడదు.

టైళ్లలో రెండు జాతులు. పాతరకం సిరామిక్ గోడ టైలు లోపల మెత్తని మట్టి, పైన గాజు పొర. బల్లెం మొన ఉన్న కార్బైడ్ బిట్ దీనికి చాలు. విట్రిఫైడ్ టైలు అలా కాదు. నీరు పీల్చే గుణం అర శాతం లోపే, ఒళ్లంతా గాజుగా కాలినది. కార్బైడ్ మొన దాని మీద ఒకటి రెండు రంధ్రాలకే మొద్దుబారుతుంది. దీనికి వజ్రపు పొడి అంటించిన గొట్టం లాంటి బిట్ కావాలి, నీళ్లు కావాలి, హ్యామర్ అస్సలు వద్దు. మొదట బిట్‌ను ఓరగా ఆనించి చిన్న చంద్రవంక గాడి పడనిచ్చి, ఆ తర్వాత నిలువుగా ఎత్తితే జారదు. మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెడితే పట్టు ఇంకా బాగుంటుంది. ముందుగా వేలి కణుపుతో తట్టి చూడాలి. బోలు శబ్దం వచ్చే చోట వెనక సిమెంటు లేదు, అక్కడ టైలు పగిలే అవకాశం ఎక్కువ. టైలు దాటాక గోడలోకి పోయేందుకు కార్బైడ్ బిట్ మార్చుకోవాలి, అది టైలు అంచుకు తగలకుండా ఒక సైజు చిన్నది అయితే మంచిది. గిట్టీని టైలు మందం దాటి లోపలికి నెట్టాలి. టైలులోనే ఉంచి మర బిగిస్తే అది ఉబ్బి టైలును చీలుస్తుంది.

వంటింటి గ్రానైటు గట్టుకు కూడా ఇదే సూత్రం. ఆర్‌ఓ కొళాయి కోసం 12 మి.మీ. రంధ్రమైనా, సింకు కొళాయికి 35 మి.మీ. అయినా వజ్రపు కోర్ బిట్, నీళ్లు. కింద ఆసరా లేని పలక మీద హ్యామర్ పెడితే బీట అంచుదాకా పోతుంది. తాండూరు, కడప బండలు సున్నపురాయి కావడంతో కార్బైడ్‌కు సులభంగా లొంగుతాయి. పొరలుగా విడిపోతాయి కాబట్టి అక్కడా తిరుగుడే, దెబ్బ వద్దు.

## కొలత: 8 అంటే సరిగ్గా 8 కాదు

కొత్త కార్బైడ్ బిట్ మొనను వెర్నియర్‌తో కొలిస్తే రాసిన అంకెకంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. 8 మి.మీ. బిట్‌కు గరిష్ఠంగా 8.45, 10 మి.మీ. బిట్‌కు 10.45 దాకా యూరప్ యాంకర్ ప్రమాణాలు అనుమతిస్తాయి. అరిగేకొద్దీ లోపలికి రావడానికి ఇచ్చిన వెసులుబాటు ఇది. మొన అంతకు మించి లావుంటే యాంకర్ పట్టదు, బాగా అరిగితే యాంకర్ దిగదు. జర్మనీ పరీక్షా సంఘం వేసే ‘పీజీఎం’ ముద్ర ఉన్న బిట్లు ఈ హద్దుల్లో తయారైనవి. ఫాల్స్ సీలింగు, ఫైర్ పైపులు, ఏసీ అవుట్‌డోర్ స్టాండ్లు బిగించేవారు ఆ ముద్ర చూసుకుని కొనడం మంచిది.

ప్లాస్టిక్ గిట్టీకి దాని సైజు బిట్టే. 6 మి.మీ. గిట్టీకి 8 నంబరు మర, అంటే సుమారు 4.2 మి.మీ. బాగా పడుతుంది. 8 మి.మీ. గిట్టీకి 10 నంబరు, సుమారు 4.8 మి.మీ. ఇనుప యాంకర్లలో మాత్రం జాగ్రత్త అవసరం. లోపల మర ఉండి సుత్తితో కొట్టే డ్రాప్-ఇన్ రకంలో ఎం8 (8 మి.మీ. మందం) బోల్టుకు 10 మి.మీ. రంధ్రం, ఎం10కి 12 మి.మీ. గోడలోకి నేరుగా పోయే వెడ్జ్ బోల్టులో ఎం10కి 10 మి.మీ. రంధ్రమే. పేరు ఒకటే విని బిట్ తీస్తే పొరపాటు జరుగుతుంది.

లోతు లెక్కలో ఎక్కువమంది మరిచేది ప్లాస్టరింగు. అది బరువు మోయదు. గిట్టీ మొత్తం ఇటుకలో కూర్చోవాలి. 15 మి.మీ. ప్లాస్టరింగు, 40 మి.మీ. గిట్టీ, అడుగున పొడి నిలవడానికి 10 మి.మీ.: మొత్తం 65. ఇప్పుడు బిట్ పొడవు చూడాలి. 6×110 అని రాసిన ఎస్‌డీఎస్ ప్లస్ బిట్‌లో పనికొచ్చే పొడవు 50 మి.మీ. మాత్రమే, మిగతాది తోక. 6×160లో అది 100. షాపులో చవగ్గా దొరికే పొట్టి బిట్‌తో వేసిన రంధ్రంలో గిట్టీ సగం ప్లాస్టరింగులోనే ఉండిపోవడానికి కారణం ఇదే.

## పని జరిగే క్రమం

ముందు తీగలు, పైపులు. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా, రెండు బోర్డుల మధ్య అడ్డంగా తీగలు పోయే కాండ్యూట్ పైపు ఉండే అవకాశం ఉంది. బాత్రూములో మిక్సర్ నుంచి షవరుకు, గీజరుకు నిలువుగా సీపీవీసీ పైపులు పోతాయి. ఆ గీతలను వదిలేయాలి. మెషిన్‌కు పక్క హ్యాండిల్ బిగించే ఉండాలి. బిట్ చువ్వకు ఇరుక్కుంటే మెషిన్ మణికట్టును మెలితిప్పేస్తుంది.

గుర్తు పెట్టిన చోట హ్యామర్ లేకుండా, తక్కువ వేగంతో రెండు మూడు మిల్లీమీటర్లు గుంట చేసుకోవాలి. ఆ తర్వాతే హ్యామర్. ఈ చిన్న ఓపిక లేకపోతే బిట్ జారి ప్లాస్టరింగు పెచ్చులూడుతుంది. లోతు తెలియడానికి బిట్‌కు టేపు చుట్టుకోవచ్చు, మెషిన్‌తో వచ్చే లోతు కడ్డీ ఇంకా నమ్మకం. సుమారు 2 సెంటీమీటర్లకోసారి బిట్‌ను తిరుగుతూ ఉండగానే వెనక్కి లాగి పొడిని బయటికి రానివ్వాలి. పొడి గాళ్లలో కూరుకుపోతే బిట్ గోడకు కాకుండా పొడికి రాసుకుంటుంది, వేడెక్కుతుంది, చివరికి బిగుసుకుపోతుంది. తడి గోడల్లో ఇది మరీ ఎక్కువ, పొడి బురదై గాడిని మూసేస్తుంది.

గోడ అవతలికి పోయే రంధ్రమైతే చివరి రెండు సెంటీమీటర్లు హ్యామర్ ఆపి వేయాలి, లేదా సన్న బిట్‌తో ముందు తూటు వేసి రెండు వైపుల నుంచీ పని చేయాలి. లేకపోతే అవతల అరచేతి వెడల్పు పెళ్ల ఊడుతుంది.

రంధ్రం అయ్యాక శుభ్రం చేయడం మరో దశ. గిట్టీకి ఒకసారి ఊదితే సరిపోవచ్చు. ఇనుప యాంకర్‌కు చాలదు. కెమికల్ యాంకర్‌కైతే అసలే చాలదు. చేతిపంపుతో ఊది, వైరు బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదాలి. ఎన్నిసార్లన్నది యాంకర్ కంపెనీ కాగితంలో ఉంటుంది. గోడకు పొడి పొర అంటుకుని ఉంటే జిగురు ఆ పొడికే అతుక్కుంటుంది, కాంక్రీటుకు కాదు.

ఈ పొడిలో సన్నటి సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చేవారికి సిలికోసిస్ వస్తుంది, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. రోజూ ఇదే పని చేసే ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్కులు మెడలో కండువా చుట్టుకుంటే సరిపోదు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇంటివాళ్లు రంధ్రం కింద వాక్యూమ్ గొట్టం పట్టుకుంటే గదిలోకి వచ్చే పొడి బాగా తగ్గుతుంది. పైకప్పుకు వేసేటప్పుడు కాగితపు కప్పు అడుగుకు చిల్లు పెట్టి బిట్‌కు తొడిగితే కంట్లో పడదు.

## చెడిన బిట్‌ను చదవడం

పాడైన మొనను దగ్గరగా చూస్తే కారణం కనిపిస్తుంది. ఉక్కు నీలంగా మారి పలక ఒరిగితే వేడి: వేగం ఎక్కువ, లేదా మెషిన్‌కు దెబ్బ చాలలేదు. పలక మూల ముక్కగా విరిగితే చువ్వ. రెండు భుజాలు గుండ్రబడి మొన బొంగరంలా తయారైతే మామూలు అరుగుదల, గట్టి కంకరలో వచ్చేదే. పలక బాగానే ఉండి ఒళ్లు వంగితే పక్కకు నొక్కడం, లేదా ఇరుక్కున్న బిట్‌ను మెషిన్‌తో ఊపి లాగడం. తోక కొస పుట్టగొడుగులా విచ్చుకుంటే గ్రీజు లేక చక్ అరిగింది.

వేడెక్కిన బిట్‌ను నీళ్లలో ముంచడం చాలాచోట్ల అలవాటు. మానుకోవాలి. ఉక్కు, కార్బైడ్ ఒకే లెక్కన కుంచించుకోవు. ఒక్కసారిగా చల్లబడితే అతుకు దగ్గర బీటలు వస్తాయి. గాలికి వదిలేయడమే సరైన పద్ధతి.

అరిగిన మొనకు సాన పట్టవచ్చు. మామూలు బూడిద రంగు ఎమిరీ రాయి కార్బైడ్‌ను కోయదు, పక్కనున్న ఉక్కును మాత్రం తినేస్తుంది. ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయి లేదా వజ్రపు రాయి కావాలి. రెండు వాలుల మధ్య కోణం సుమారు 130 డిగ్రీలు ఉండేలా, రెండు వైపులా సమానంగా అరగదీయాలి. మొన నడిమధ్యకు రాకపోతే రంధ్రం పెద్దదవుతుంది. చిన్న బిట్లకు ఈ శ్రమ గిట్టదు. 16 మి.మీ.కి మించిన ఖరీదైన బిట్లకు మాత్రం గిట్టుబాటే.

ధర సంగతి కూడా ఇకపై లెక్కలోకి వస్తుంది. ప్రపంచంలో గని నుంచి తీసే టంగ్‌స్టన్‌లో ఐదింట నాలుగు వంతులు చైనాది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం టంగ్‌స్టన్ ఉత్పత్తుల ఎగుమతులపై నియంత్రణ పెట్టింది, ఆ ఏడాది అంతర్జాతీయంగా ధరలు బాగా పెరిగాయి. కోబాల్ట్ ఎక్కువగా కాంగో నుంచి వస్తుంది. ఆ సరఫరా కూడా నిలకడ లేనిది. ముడిసరుకు ప్రియమైనప్పుడు చవక బిట్లలో పలక మందం తగ్గించడం తయారీదారుకు ఉన్న తేలిక దారి. కొనేటప్పుడు పలకను పక్కనుంచి చూడాలి: ఒంటికన్నా రెండు వైపులా కొద్దిగా బయటికి పొడుచుకు వచ్చి ఉందా, అతుకు చుట్టూ ఖాళీ లేకుండా లోహం నిండిందా, మొన సరిగ్గా నడిమధ్యలో ఉందా. పలక ఒంటితో సమానంగా అరిగిపోయిన రోజున బిట్ పని అయిపోయినట్టే. అక్కడి నుంచి ఉక్కు ఒళ్లే రంధ్రం గోడకు రాసుకుంటుంది, ఇరుక్కుంటే తిరిగి రాదు.